దాటించినా చూలు నిలవని ఆడగుర్రం: గర్భసంచిలో నిలిచిపోయే నీటి సంగతి

మీరు రాసింది ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్లకూ తెలుస్తుంది. చేవెళ్ల దగ్గర మీ తోటలో మార్వాడీ ఆడగుర్రం ఉంది, వయసు 13. రెండు ఈతలు అయ్యాయి. రెండో ఈతలో మాయ పడటానికి రాత్రంతా పట్టింది. ఆ తర్వాత రెండేళ్లలో నాలుగుసార్లు దాటించారు, ఒక్కసారీ నిలవలేదు. పైగా దాటించిన 10, 11 రోజులకే మళ్లీ ఎదకు వస్తోంది. స్కానింగ్‌లో గర్భసంచిలో నీరుందన్నారు. ఐదు రోజులు లోపలికి యాంటీబయాటిక్ ఎక్కించి మళ్లీ దాటించారు, మళ్లీ అదే కథ. ఇప్పుడు మగగుర్రాన్ని మార్చాలా, గొడ్డుపోయిందనుకుని అమ్మేయాలా అని అడుగుతున్నారు.

ఈ రెండు పనులూ ఇప్పుడే చేయకండి. ఇరవై ఆరేళ్లుగా గుర్రాల డాక్టరుగా ఉన్నాను. అందులో సగం పుణే వైపు రేసుగుర్రాలను ఈనించి పెంచే స్టడ్ ఫారాల్లో గడిచింది, మిగతా సగం హైదరాబాద్ చుట్టుపక్కల మీలాంటి వాళ్ల మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలతో. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ముక్క ఆ "10, 11 రోజులకే" అన్నది. చాలామంది దాన్ని చెప్పనే చెప్పరు.

ఎందుకో చెబుతాను. ఆడగుర్రం ఎద చక్రం దాదాపు 21 రోజులు. ఐదారు రోజులు ఎదలో ఉంటుంది, ఎద చివరి రోజుల్లో అండం విడుదలవుతుంది. అండం విడుదలైన చోట ఒక గడ్డ కడుతుంది, దాన్ని కార్పస్ లూటియం అంటాం. చూలును నిలబెట్టే హార్మోన్ అక్కడి నుంచే వస్తుంది. చూలు కట్టకపోతే రెండు వారాల తర్వాత గర్భసంచి గోడ ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని వదిలి ఆ గడ్డను కరిగిస్తుంది, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ ఎద మొదలవుతుంది. అంటే ఖాళీగా ఉన్న గుర్రం కూడా దాటించిన 16, 17 రోజుల దాకా మగగుర్రం వైపు చూడకూడదు. మీది పదో రోజుకే చూస్తోంది. గర్భసంచి గోడ వాచి, కోపంగా ఉంటే ఆ ప్రోస్టాగ్లాండిన్‌ను ముందే వదిలేస్తుంది. పిండం అండనాళం దిగి గర్భసంచిలోకి వచ్చేది ఆరో రోజు ప్రాంతంలో. పాపం, అది వచ్చేసరికి ఇల్లు కాలిపోతూ ఉంటుంది. కాబట్టి మీ గుర్రానికి అండం రావడం లేదనో, వీర్యం పట్టడం లేదనో ఇప్పుడే అనుకోనక్కర్లేదు. పిండం ఏర్పడి, దిగి, నిలవడానికి చోటు లేక పోతూ ఉండవచ్చు.

ఇక అసలు సంగతి. "ఇన్‌ఫెక్షన్ ఉంది, యాంటీబయాటిక్ వేశాం, తగ్గలేదు, ఇంకా పెద్ద యాంటీబయాటిక్ వేశాం" అనే వరసలో పోతున్నారు అందరూ. మీ డాక్టరును తప్పు పట్టడం లేదు. మన దగ్గర చదువంతా ఆవులు, గేదెల మీదే నడుస్తుంది, గుర్రం దగ్గరికి వచ్చేసరికి అదే చెయ్యి అదే అలవాటుతో పోతుంది. కానీ ఆడగుర్రం విషయంలో క్రిములు చాలాసార్లు చుట్టపు చూపుగా వచ్చినవే. లోపలికి వచ్చిన చెత్తను గర్భసంచి బయటికి తోసుకోలేకపోవడమే అసలు జబ్బు. పైకప్పు కారుతుంటే నేల తుడుస్తూ కూర్చుంటే ఎన్నాళ్లు తుడుస్తాం?

ఆవుకూ గుర్రానికీ తేడా ఇక్కడే ఉంది. ఎద్దు దాటినప్పుడు వీర్యం గర్భాశయ ముఖద్వారం బయట పడుతుంది. మగగుర్రం వీర్యం నేరుగా గర్భసంచిలోకే పడుతుంది, దానితో పాటు చర్మం మీది మురికీ, క్రిములూ, గడ్డి ముక్కలూ వెళతాయి. అవి లేకపోయినా వీర్యకణాలే శరీరానికి పరాయివి. అందుకే దాటించిన ప్రతి ఆడగుర్రానికీ, ఎంత ఆరోగ్యంగా ఉన్నదానికైనా, కొన్ని గంటల్లో గర్భసంచి వాస్తుంది. తెల్లకణాలు దండుగా వస్తాయి, నీరు ఊరుతుంది. ఇది జబ్బు కాదు, శుభ్రం చేసుకునే పద్ధతి. వయసులో ఉన్న గుర్రం కండరాలు పిండినట్టు ముడుచుకుని ఆ నీటిని ముఖద్వారం గుండా బయటికి నెట్టేస్తాయి, ఒకటి రెండు రోజుల్లో లోపల మళ్లీ పొడిగా అవుతుంది. పిండం దిగడానికి ఇంకా నాలుగు రోజుల వ్యవధి ఉంటుంది.

వయసు మళ్లిన గుర్రం, నాలుగైదు ఈతలు అయిన గుర్రం, ఈతలో ఇబ్బంది పడ్డ గుర్రం ఆ పని చేయలేవు. గర్భసంచి సాగి, కటి ఎముక అంచు దాటి కిందికి వేలాడుతుంది, బావిలోకి జారిన బొక్కెనలాగ. నీరు ఎక్కి రావాలి కదా, రాదు. ఇంకో రకం ఉంది. రేసులోనో పెళ్లి ఊరేగింపుల్లోనో పదమూడు, పద్నాలుగేళ్లు పనిచేసి అప్పుడు మొదటిసారి దాటించే గుర్రం. దానికి సంచి బాగానే ఉంటుంది, ముఖద్వారం మాత్రం ఎదలో కూడా సరిగ్గా తెరుచుకోదు. నీరు పైనే ఆగిపోతుంది. "ఒక్కసారి కూడా ఈనలేదు, కుర్రదానితో సమానం" అని కొనేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే.

మీ గుర్రం మొదటి రకం అనుకుంటున్నాను. కానీ చేయి పెట్టకుండా, చూడకుండా తీర్పు చెప్పను. చూడాల్సిన వరస చెబుతాను.

మొట్టమొదట వెనక నిలబడి చూడండి. దీనికి మెషీన్ అక్కర్లేదు. సైసును తోక పక్కకు పట్టుకోమని, కాస్త పక్కగా నిలబడి మానం ఎలా ఉందో చూడండి. పెదవులు నిట్టనిలువుగా ఉండాలి, రెండూ గట్టిగా మూసుకుని ఉండాలి. ఆ చీలికలో ఎక్కువ భాగం కటి ఎముక మట్టానికి కింద ఉండాలి. ముసలి గుర్రాల్లో, బక్కచిక్కిన గుర్రాల్లో మలద్వారం లోపలికి కుంగిపోయి మానాన్ని తనతో పాటు పైకి, ముందుకు లాక్కుంటుంది. అప్పుడు మానం అరుగులాగ పడుకుంటుంది. లద్ది వేసినప్పుడల్లా నేరుగా దాని మీదే పడుతుంది. రెండు బొటనవేళ్లతో పెదవులను మెల్లగా విడదీసి చెవి పెట్టి వినండి. "స్‌స్" మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చిందా? వస్తే లోపలి మడత కూడా పట్టు వదిలేసినట్టు. బయటి పెదవులు, లోపలి మడత, ఆపైన ముఖద్వారం: గర్భసంచికి ఉన్న తలుపులు ఈ మూడే. నడిచేటప్పుడు వెనక నుంచి గాలి చప్పుడు వస్తోందని మీ సైసు ఎప్పుడైనా చెప్పాడేమో అడగండి. వాళ్లకు తెలుస్తుంది, మనం అడగం.

బయటి తలుపు పాడైతే మిగతావేమీ పనిచేయవు. ఈ రోజు లోపల కడిగి, యాంటీబయాటిక్ వేసి శుభ్రం చేస్తారు, రేపు లద్దితో, గాలితో మళ్లీ నిండుతుంది. దీనికి విరుగుడు 1937లోనే కాస్లిక్ అనే అమెరికన్ పశువైద్యుడు రాసి పెట్టాడు. మానం పై భాగంలో మత్తు సూది వేసి, రెండు అంచుల నుంచి సన్నటి పట్టీ కత్తిరించి, కుట్టేస్తాం. మూత్రానికి కింద జాగా వదులుతాం. నిలబెట్టే చేస్తాం, అరగంట పని. పది పన్నెండు రోజులకు అంచులు అతుక్కుంటాయి, అప్పుడు దారాలు తీసేస్తాం. స్టడ్ ఫారాల్లో సగం ముసలి గుర్రాలు ఈ కుట్టుతోనే ఉంటాయి. మార్వాడీలు పెంచే మనవాళ్లలో ఈ మాట విన్నవాళ్లు తక్కువ. ఇంకొక చిన్న సంగతి: గుర్రం మరీ బక్కగా ఉంటే కుట్టుకంటే ముందు రెండు నెలలు బాగా మేపండి. ఒంట్లో కొవ్వు పడితే మలద్వారం చుట్టూ కండ నిండి, మానం కొంత దాని చోటికి అదే వస్తుంది. నేను కుట్టు వేయడానికి వెళ్లి, దాణా చీటీ రాసిచ్చి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

తర్వాత స్కానింగ్. ఎదలో ఉన్నప్పుడు గర్భసంచి గోడలు కొద్దిగా ఉబ్బి, తెర మీద కోసిన బత్తాయి చక్రంలా కనిపిస్తాయి. అది మామూలే. నీరు నల్లగా కనిపిస్తుంది. నల్లగా, శుభ్రంగా ఒక సెంటీమీటరు లోపు ఉంటే నేను పట్టించుకోను. రెండు సెంటీమీటర్లు దాటితే, లేదా నలుపులో తెల్ల చుక్కలు మంచు పడుతున్నట్టు తేలుతుంటే ఆగుతాను. మీ డాక్టరు "నీరుంది" అన్నారు సరే, ఎన్ని సెంటీమీటర్లు? ఎద ఎన్నో రోజు? దాటించక ముందా, దాటించాక ఎన్ని గంటలకు? ఈ నాలుగూ లేకుండా "నీరుంది" అన్న మాటతో ఏ నిర్ణయానికీ రాలేం. దాటించక ముందు ఎద మొదట్లోనే నీరుంటే పాత ఇన్‌ఫెక్షన్ అనుమానం. ముందు పొడిగా ఉండి, దాటించిన మర్నాడు కూడా రెండు సెంటీమీటర్లు మిగిలితే అది తోసుకోలేని గర్భసంచి.

అదే స్కానింగ్‌లో తిత్తులు కూడా చూసి రాసి పెట్టుకోమనండి. ముసలి గుర్రాల గర్భసంచి గోడకు నీటి బుగ్గల్లాంటివి ఉంటాయి. చిన్నవైతే ప్రమాదం లేదు. కానీ 15వ రోజు స్కానింగ్‌లో అవి అచ్చం పిండంలా కనిపిస్తాయి. ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే గీసి పెట్టుకోకపోతే, తిత్తిని చూసి "చూలు నిలిచింది" అని స్వీట్లు పంచిన వాళ్లను చూశాను. పెద్దవైతే మాత్రం ఇబ్బందే. గుర్రం పిండం ఒకచోట కూర్చోదు. 16వ రోజు దాకా గర్భసంచికి ఉండే రెండు కొమ్ముల మధ్య అటూ ఇటూ తిరుగుతూ "నేనున్నాను" అని గోడకు చెప్పుకుంటుంది. దారిలో తిత్తి అడ్డుపడితే ఒక వైపు గోడకు ఆ కబురు అందదు. కబురు అందకపోతే ప్రోస్టాగ్లాండిన్ వదిలేస్తుంది.

మూడోది స్వాబ్, అంటే గర్భసంచి లోపల పుల్లతో తుడిచి నమూనా తీయడం. ఎద మొదటి ఒకటి రెండు రోజుల్లో, ముఖద్వారం తెరుచుకున్నప్పుడు తీయాలి. పైన తొడుగు ఉన్న స్వాబ్‌తోనే తీయాలి. మామూలు దూది పుల్ల పెడితే మానం దగ్గరి క్రిములే ల్యాబ్‌లో పెరుగుతాయి, రిపోర్టులో ఐదారు పేర్లు వస్తాయి, మీరు బెంబేలు పడతారు. కల్చర్‌తో (క్రిములను ల్యాబ్‌లో పెంచి చూడటం) పాటు సైటాలజీ కూడా చేయించండి. అంటే ఒక చిన్న బ్రష్‌తో గోడను రుద్ది, స్లయిడ్ మీద పూసి, రంగు వేసి, తెల్లకణాలు ఉన్నాయా లేవా చూడటం. క్రిమి పెరిగి తెల్లకణాలు లేకపోతే అది తీసేటప్పుడు అంటుకున్న మురికే అయ్యే అవకాశం ఎక్కువ. తెల్లకణాలు నిండుగా ఉంటే క్రిమి పెరగకపోయినా జబ్బు ఉన్నట్టే. నాకు ఒక్కటే చేసుకోమంటే స్లయిడే చేసుకుంటాను.

ల్యాబ్ నుంచి వచ్చే పేర్లు సాధారణంగా ఇవి: స్ట్రెప్టోకాకస్ జూఎపిడెమికస్, ఈ కోలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్. మొదటిది గుర్రం చర్మం మీద ఉండేదే, ఎక్కువగా కనిపించేదీ అదే. అది గోడ లోతుల్లో నిద్రపోతున్నట్టు దాక్కుంటుంది, పై పై స్వాబ్‌కు దొరకదు. ఈ కోలై లద్ది నుంచి వస్తుంది, అది కనిపిస్తే నా కళ్లు మళ్లీ మానం వైపు పోతాయి. చివరి రెండూ మొండివి. తమ చుట్టూ జిగురు పొర అల్లుకుని కూర్చుంటాయి, మందు ఆ పొర దాటదు. ఇక ఏళ్ల తరబడి యాంటీబయాటిక్‌లు ఎక్కించిన గుర్రాల్లో చివరికి బూజు వస్తుంది, క్యాండిడా, ఆస్పర్‌జిల్లస్. బూజు పట్టిన గర్భసంచిని బాగుచేయడం తల ప్రాణం తోకకు తెచ్చే పని. ఇది మనం చేతులారా తెచ్చుకునే జబ్బు. అందుకే ల్యాబ్ రిపోర్టు లేకుండా లోపలికి మందు వేయనివ్వకండి.

మందు గురించి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గుర్రానికి సూడోమోనాస్ వచ్చింది. రిపోర్టులో ఎన్రోఫ్లాక్ససిన్ పనిచేస్తుందని ఉంది. ఫారంలో ఆవులకు వాడే ఇంజెక్షన్ సీసా ఉంది. దాన్నే సెలైన్‌లో కలిపి మూడు రోజులు గర్భసంచిలోకి వదిలాను. నాలుగో రోజు రక్తపు నీరు కారింది. ఆ మందు సూదిగా వేయడానికి చేసింది, గర్భసంచి గోడకు అది కాల్చే మందు. తర్వాతి ఎదలో చేయి పెడితే ముఖద్వారం దగ్గర గోడలు అతుక్కుపోయి వేలు కూడా దూరలేదు. ఆ గుర్రం మళ్లీ ఈనలేదు. క్రిమి మాత్రం చచ్చింది. అప్పటి నుంచి ఎవరు ఏ సీసా చూపించినా "ఇది గర్భసంచిలోకి వేయొచ్చా" అని ముందు అడుగుతాను. చిక్కటి పావిడోన్ అయోడిన్ కూడా ఇలాంటిదే. కొందరు టించరు రంగులో కలిపి కడిగేస్తారు. వాడక తప్పకపోతే పలచటి టీ రంగుకు మించకూడదు, కొన్ని గుర్రాలు అదీ ఓర్చుకోలేవు. జెంటామైసిన్ వేస్తే సోడియం బైకార్బొనేట్ కలిపి దాని పులుపు విరిచి వేయాలి. ఇవి మీ డాక్టరుకు తెలియవని కాదు, అడిగితే తప్పులేదు.

ఇక మీ గుర్రానికి వచ్చే ఎదలో ఏం చేయాలి? నేనైతే ఇలా పోతాను.

ఎద మొదటి రోజు స్కాన్, స్వాబ్, స్లయిడ్. నీరుంటే గోరువెచ్చటి రింగర్స్ లాక్టేట్ (సెలైన్ లాంటి ద్రవం) లీటరు చొప్పున లోపలికి వదిలి, మళ్లీ అదే గొట్టంతో గాజు సీసాలోకి తీసి చూస్తాను. మొదటి లీటరు బియ్యం కడిగిన కుడితిలా వస్తుంది. రెండోది కాస్త తేటబడుతుంది. తేటగా, అవతల నుంచి వేలు కనిపించేలా వచ్చేదాకా కడుగుతాను, మూడు లీటర్లు కావచ్చు, ఐదు కావచ్చు. ఎంత పంపానో అంతా బయటికి వచ్చిందో లేదో కొలుస్తాను. ఈ లెక్క ముఖ్యం. లోపల వదిలేసిన నీరు మళ్లీ సమస్యే. ఇన్‌ఫెక్షన్ తేలితే ఆ ఎదలో దాటించను. మందు పూర్తిచేసి, ప్రోస్టాగ్లాండిన్ సూదితో తర్వాతి ఎదను ముందుకు తెస్తాను. ఆ సూది వేస్తే గుర్రానికి చెమటలు పడతాయి, కాసేపు కడుపునొప్పిలా అటూ ఇటూ తిరుగుతుంది, అరగంట, గంటలో సర్దుకుంటుంది. కంగారు పడొద్దు. కానీ ఆ సీసాను గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు తాకకూడదు. చర్మం గుండా కూడా ఎక్కుతుంది.

శుభ్రంగా ఉన్న ఎదలో ఒక్కసారే దాటిస్తాను. ఇది మీవాళ్లకు నచ్చదు. "నాలుగుసార్లు దాటిస్తే ఒకసారైనా పట్టదా" అంటారు. ఇలాంటి గుర్రానికి ప్రతి దాటుడూ లోపల ఒక కొత్త గాయం. ఫాలికల్ (అండం పెరిగే నీటి బుడగ) 35 మిల్లీమీటర్లు దాటి, గోడలు బాగా ఉబ్బి ఉన్నప్పుడు హెచ్‌సీజీ సూది వేస్తే ఒకటిన్నర, రెండు రోజుల్లో అండం విడుదలవుతుంది. దాన్ని లెక్కగట్టి ఒక్కసారి దాటిస్తే చాలు. దాటించే ముందు తోకకు గుడ్డ చుట్టి, మానం గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడవాలి. మగగుర్రానిదీ ఉత్త నీళ్లతో కడగాలి, సబ్బులూ డెటాలూ వద్దు. అవి మంచి క్రిములను చంపి మొండివాటికి చోటిస్తాయి.

అసలు వైద్యం దాటించిన తర్వాత మొదలవుతుంది. నాలుగు గంటలు ఆగాలి, అప్పటికి కావాల్సిన వీర్యకణాలు అండనాళంలోకి చేరిపోతాయి. నాలుగు నుంచి ఆరు గంటల మధ్య స్కాన్ చేసి, నీరుంటే మళ్లీ అదే రింగర్స్‌తో కడగాలి. ఆ వెంటనే ఆక్సిటోసిన్, మామూలుగా 20 యూనిట్లు, ఐదారు గంటలకోసారి, మర్నాడు కూడా. అవును, గేదెలు చేపడానికి దొంగచాటుగా పొడిచే ఆ మందే. దాని పేరు చెబితే చాలామంది మొహం చిట్లిస్తారు, కానీ ఇక్కడ దాని అసలు పని అది చేస్తుంది: గర్భసంచిని ముడిచి నీటిని తోస్తుంది. సూది వేశాక గుర్రాన్ని సాలలో కట్టేయకండి, అరగంట నడిపించండి. నడక కూడా మందే. రోజంతా కట్టేసి ఉంచిన గుర్రాల్లో నీరు ఎక్కువ నిలుస్తుందని చేతి అనుభవం. మర్నాడు మళ్లీ స్కాన్: నీరు పోయిందా, అండం విడుదలైందా? కడగడాలూ, సూదులూ అండం విడుదలైన రెండు రోజుల్లోపు ముగించాలి, ఆ తర్వాత లోపలికి ఏదీ పంపకూడదు. చివర్లో మానానికి కుట్టు.

14, 15 రోజులకు మొదటి స్కాన్. కవలలున్నాయా అన్నది అప్పుడే చూడాలి, ఎందుకంటే గుర్రం కవలలను మోయలేదు, 16వ రోజు లోపైతే ఒకదాన్ని సులువుగా తీసేయొచ్చు. నాలుగు వారాలకు గుండె కొట్టుకోవడం చూస్తారు. ఇంకోటి 40 రోజులకు. ఇలాంటి గుర్రాల్లో 15వ రోజు ఉన్న చూలు 40వ రోజుకు లేకపోవడం తరచుగా జరుగుతుంది. 35 రోజులు దాటాక పోతే మరో చిక్కు. అప్పటికి గర్భసంచి గోడలో ఎండోమెట్రియల్ కప్పులు అనేవి ఏర్పడి హార్మోన్ వదులుతుంటాయి, పిండం పోయినా నెలల పాటు అవి గుర్రాన్ని సరిగ్గా ఎదకు రానివ్వవు. ఆ సీజన్ పోయినట్టే.

ఇంత చేసినా రెండు ఎదల్లో నిలవకపోతే బయాప్సీ చేయించండి. పొడవాటి పట్టకారుతో గర్భసంచి గోడ నుంచి శనగగింజంత ముక్క తీస్తారు. గోడకు ఆ నొప్పి తెలియదు, గుర్రం మేత నములుతూ నిలబడుతుంది. ఆ ముక్కలో గ్రంథులు ఎలా ఉన్నాయి, వాటి చుట్టూ మచ్చ కట్టిందా అని చూస్తారు. కెన్నీ అనే ఆయన 1978లో మొదలుపెట్టిన పద్ధతి ఇది, తర్వాత నాలుగు తరగతులు చేశారు. ఒకటో తరగతి గర్భసంచి నూటికి 80, 90 సార్లు పిల్లను మోస్తుంది. రెండు-ఎ అయితే 50 నుంచి 80. రెండు-బి అయితే 10 నుంచి 50. మూడో తరగతి అయితే పదికి మించదు. వాపు తగ్గుతుంది కాబట్టి వైద్యంతో రెండు-బి నుంచి రెండు-ఎకి వచ్చినవి ఉన్నాయి. మచ్చ కట్టినది మాత్రం వెనక్కి రాదు. ఎవరైనా ఆ మచ్చను కరిగించే మందు ఉందని అమ్మితే కొనకండి.

చీము గురించి కూడా ఒక మాట. గేదెకు గర్భసంచి నిండా చీముంటే ఎదకు రాదు. ఆడగుర్రం లీటర్ల కొద్దీ చీము మోస్తూ కూడా మేత మేస్తుంది, జ్వరం రాదు, కొన్ని ఎదకు కూడా వస్తాయి. పైకి బాగుంది కదా అని నమ్మకూడదు.

మీ కథ మొదలైంది మాయ దగ్గర అని నా అనుమానం. ఆవుకు మాయ పడకపోతే వెదురాకు పెట్టి రేపటిదాకా చూస్తాం. గుర్రానికి మూడు గంటలే గడువు. అది దాటితే ఫోన్ చేయాల్సిందే, అర్ధరాత్రైనా సరే. మాయ కుళ్లితే గర్భసంచితో ఆగదు, విషం ఒళ్లంతా పాకి డెక్కల్లో వాపు వస్తుంది, గుర్రం కుంటిదై మిగలొచ్చు, చావొచ్చు. వేలాడే మాయకు చెప్పో రాయో కట్టి లాగడం ఘోరమైన పని. తొక్కకుండా దాన్నే పైకి ముడివేసి ఆగాలి. పడ్డాక పారేయకండి, బకెట్ నీళ్లలో వేసి ఉంచండి. డాక్టరు వచ్చి దాన్ని గచ్చు మీద పరిస్తే ఇంగ్లిష్ ఎఫ్ అక్షరంలా ఉంటుంది, రెండు కొమ్ములు, ఒక ఒళ్లు. పిల్ల లేని చిన్న కొమ్ము కొన దగ్గర చూడాలి. చిరిగి లోపల మిగిలిపోయేది దాదాపు ఎప్పుడూ ఆ కొనే. అరచేతి అంత ముక్క మిగిలినా చాలు. మీ గుర్రానికి రాత్రంతా పట్టిందన్నారు, ఆ కొన చూశారా అన్నది ఇప్పుడు తేలేది కాదు. వచ్చే ఈతకు గుర్తుంచుకోండి. అలా ఇబ్బంది పడ్డ గుర్రాన్ని ఈనిన వారం పది రోజులకు వచ్చే మొదటి ఎదలో దాటించకండి, ఒక చక్రం వదిలేయండి.

మగగుర్రం మాట. దాని దగ్గరికి ఈ సీజన్‌లో వెళ్లిన మిగతా ఆడగుర్రాలు నిలిచాయా లేదా కనుక్కోండి. అవి నిలిస్తే మార్చాల్సిన పని లేదు. మూడు నాలుగు చోట్ల నిలవకపోతే, లేదా దాటిన గుర్రాలన్నిటికీ తెల్లటి తీగలు కారుతుంటే, దాని స్వాబ్ అడగండి. క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ మగగుర్రం మోసుకు తిరగొచ్చు, దానికి మాత్రం ఏమీ ఉండదు. 1977లో ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్ స్టడ్ ఫారాల్లో సీఈఎం అనే అంటు గర్భసంచి జబ్బు బయటపడినప్పుడు దాన్ని మోసినవీ ఇలా పైకి నిక్షేపంగా ఉన్న మగగుర్రాలే. ఎవరి గుర్రాన్నైనా మీ సాలకు తెచ్చేముందు గ్లాండర్స్ అనే అంటు జబ్బు లేదన్న రక్తపరీక్ష కాగితం కూడా చూడండి.

అమ్మకం సంగతి. బయాప్సీ మూడో తరగతి అని వస్తే, గుర్రం మంచి జాతిదైతే, పిండం తీసి వేరే గుర్రంలో పెట్టే దారి ఉంది. జాతీయ గుర్రాల పరిశోధన కేంద్రం బికానేర్ శాఖ వాళ్లు 2023 మే నెలలో ఇలా అద్దె గర్భసంచిలో మార్వాడీ పిల్లను పుట్టించారు, రాజ్-ప్రథమ అని పేరు పెట్టారు. అక్కడ పిండాన్ని తీసింది ఏడున్నర రోజులకు. అంటే ఆ వారం రోజులైనా మీ గుర్రం గర్భసంచి దాన్ని బతికించాలి. కాబట్టి ఆ దారిలో పోయినా లోపల శుభ్రం చేయడం, నీరు తోయించడం తప్పవు. ఇవేవీ చేయకుండా, సమస్య దాచిపెట్టి మహారాష్ట్రలో గుర్రాలు అమ్మే మాళేగావ్ జాతరకో సారంగ్‌ఖేడా సంతకో తోలి అమ్మడం నాకు నచ్చదు. కొనేవాడు మీలాంటివాడే, వచ్చే ఏడు ఇదే ప్రశ్న నాకు రాస్తాడు.

ఆఖరిగా కుట్టు గురించి. దాన్ని ఈనే ముందు విప్పాలి, లేకపోతే పిల్ల వచ్చేటప్పుడు మొత్తం చిరిగిపోతుంది. చూలు 340 రోజుల చుట్టుపక్కల ఉంటుంది, రెండు మూడు వారాలు ముందే విప్పిస్తాం. ఒక తోటలో నేను కుట్టాను, ఎనిమిది నెలలకు సైసు మారాడు, యజమాని ఊళ్లో లేడు, విప్పాలన్న సంగతి ఎవరికీ తెలియదు. నేను వెళ్లేసరికి పిల్ల లేచి పాలు తాగుతోంది, తల్లికి మలద్వారం దాకా చిరిగి ఉంది. ఆ చిరుగు బాగుచేయడానికి రెండు ఆపరేషన్లు పట్టాయి. కాబట్టి కుట్టు వేయించిన రోజే, గుర్రపుసాల తలుపు లోపలి వైపు, ఎవరు వచ్చినా కనపడేలా, విప్పాల్సిన తేదీని పెయింట్‌తో పెద్ద అంకెల్లో రాయించండి. సుద్దతో వద్దు, వానకు పోతుంది.